గంజాయికి అలవాటు పడిన పిల్లాడికి ఏది మేలు: డీ-అడిక్షన్ సెంటరా, ఇంట్లో ఉంచి చికిత్సా?

ఇంటర్ చదివే కొడుకు బ్యాగులో సిగరెట్ చుట్టుకునే పల్చటి కాగితాలు దొరికితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లారేసరికి తండ్రి ఫోన్‌లో సెంటర్ల నంబర్లు వెతుకుతుంటాడు. ఏజెన్సీలో పండే గంజాయి విశాఖకు ఎంత దూరంలో ఉంది కనుక! ఆ భయం సహజమే. కానీ ఆ భయంతోనే పిల్లాణ్ణి సెంటర్లో పడేయడం చాలాసార్లు తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

ముందు అది అలవాటో కాదో తేల్చుకోవాలి. ఎర్రటి కళ్లు, వేళాపాళా లేని ఆకలి, కొత్త స్నేహాలు, చిన్న చిన్న మొత్తాలుగా మాయమయ్యే డబ్బు: వీటిలో ఏ ఒక్కటో కనబడినంత మాత్రాన ఏమీ తేలదు, ఆ వయసే అలాంటిది. కొన్ని వారాల్లోనే ఇవన్నీ కలిసి వస్తూ, ఇష్టమైన ఆటా చదువూ కూడా వదిలేస్తుంటే అనుమానించాలి. చెప్పకుండా యూరిన్ టెస్ట్ చేయించడం మాత్రం వద్దు. రోజూ తాగేవాళ్లలో మానేసిన కొన్ని వారాలకు కూడా పాజిటివ్ రావచ్చు. మత్తు కోసం వైట్‌నర్ పీల్చేవాడికి ఆ టెస్ట్ కిట్‌లో ఏమీ కనబడదు. పైగా, ఆ తర్వాత మీ పిల్లాడు మీకు నిజం చెప్పడు.

సెంటర్ వల్ల ఒక లాభం ఉంది: అమ్మేవాడికీ, తోడు తాగేవాళ్లకీ పిల్లాడు దూరమవుతాడు. అయితే ఎన్నాళ్లు? తిరిగొచ్చేది అదే గాజువాక సందుకో, అదే కంచరపాలెం వీధికో కదా. లోపల ఏళ్ల తరబడి తాగుతున్న పెద్దవాళ్లతో కలిపి ఉంచితే మరీ ప్రమాదం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, తల్లో తండ్రో వాళ్లు పెట్టిన మనిషో వెంట ఉండాలి. 'మూడు నెలలు వదిలేసి వెళ్లండి, చూడటానికి కూడా రావద్దు' అనే చోటు నుంచి వెంటనే వెనక్కి వచ్చేయండి.

ఇక ఓపీ చికిత్స, అంటే ఇంట్లోనే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చుకోవడం. విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో సైకియాట్రిస్ట్‌కు చూపించి, వారం వారం కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లడం. గంజాయి అలవాటును మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకూ లేదు. అసలు చికిత్స కౌన్సెలింగే, అందులో ఇంట్లోవాళ్లు కూడా కూర్చోవాలి. మానేసిన ఒకటి రెండు రోజులకే చిరాకు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం మొదలవుతాయి. మొదటి వారంలో బాగా పెరిగి, రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. ఇది ముందే తెలిసిన తల్లి ఆ కోపాన్ని పొగరు అనుకోదు. కాలేజీ మానక్కర్లేదు, ఊళ్లో పేరు పోయిందన్న బెంగా ఉండదు. కష్టమల్లా కూలిపని, షిఫ్ట్ డ్యూటీ ఉన్న ఇళ్లలో వారానికో పూట సెలవు దొరకడమే.

అమ్మమ్మ ఊరికి పంపేయడం మూడో దారి అంటారు. కొన్నాళ్లు చోటు మారుతుంది, చికిత్స మాత్రం జరగదు.

గంజాయి వరకైతే నా ఓటు ఓపీకే. నిద్రమాత్రలో, మద్యమో రోజూ తీసుకునే పిల్లాడి సంగతి వేరు. ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. కాబట్టి వాటిని ఆసుపత్రిలో డాక్టర్ల కళ్ల ముందే మానిపించాలి. మత్తు ఇంజెక్షన్లకు అలవాటు పడినా ముందు వెళ్లాల్సింది ఆసుపత్రికే. ఎవరో పిలుస్తున్నట్టు వినబడుతోందన్నా, చచ్చిపోతానన్నా ఆ రోజే తీసుకెళ్లండి.

ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు అవుతుందేమోనని చాలామంది ఆగిపోతారు. కొద్ది మొత్తంలో మత్తు పదార్థం ఉన్న కేసుల్లో, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి మత్తు పదార్థాల కేసులకు వర్తించే ఎన్డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పిల్లలకు మత్తు ఇచ్చినవాడికి మాత్రం బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు. వాడి సంగతి మత్తు పదార్థాలపై ఫిర్యాదులు తీసుకునే 1972 నంబర్‌కు ఫోన్ చేసి చెప్పండి. మీ టెన్షన్ చెప్పుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఓపీలో ఉండగా ఒకసారి మళ్లీ తాగి వస్తే చికిత్స విఫలమైనట్టు కాదు, డాక్టర్‌కు ఆ సంగతి దాచకండి. కొన్ని నెలలు చూసినా తగ్గకపోతే అడ్మిషన్ గురించి అదే డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటికి అబ్బాయికి ఆయన పరిచయమై ఉంటారు కనుక, లోపలికి వెళ్లడానికి అంత భయపడడు.