ఓత్సులో కరుతా పోటీలు: ఎక్కడ దిగాలి, ఏ ఆట చూడాలి

జపాన్‌లో కరుతా (చదివే పద్యం విని, దాని కార్డును ఎదుటివారికంటే ముందు తాకే ఆట) పోటీ చూడాలని వెళ్లేవాళ్లు చాలామంది క్యోటోలో గది తీసుకుంటారు. ఆటే ముఖ్యమైతే పక్కనే, బీవా సరస్సు ఒడ్డున ఉన్న ఓత్సులో దిగడం మేలు. పెద్ద పోటీలు జరిగే ఓమి జింగూ ఆలయం అక్కడే ఉంది. 667లో రాజధానిని ఓత్సుకు మార్చిన తెంజి చక్రవర్తి ఈ గుడి దేవుడు. గుడి మాత్రం 1940లో కట్టింది. కరుతాలో వాడే నూరు పద్యాల్లో మొదటిది ఈ చక్రవర్తి పేరు మీదే ఉంది. పోటీలకు ఈ చోటు కుదిరింది అందుకే.

క్యోటో నుంచి జేఆర్ కోసెయ్ లైన్‌లో ఓత్సుక్యోకు పదీ పన్నెండు నిమిషాలు. దిగి, పక్కనే ఉన్న కెయ్‌హాన్ స్టేషన్‌లో చిన్న రైలెక్కితే తర్వాతి స్టాపే ఓమి జింగూ మాఎ. అక్కణ్నుంచి గుడికి పది నిమిషాల నడక, చివర్లో రాతిమెట్లు. ఇకోకా ప్రీపెయిడ్ కార్డు రెండు రైళ్లలోనూ పనిచేస్తుంది.

బసకు హమాఓత్సు చుట్టుపక్కల మామూలు బిజినెస్ హోటళ్లు చాలు. జూలైలో గియోన్ ఉత్సవం వల్ల క్యోటోలో గదులు దొరకడమే కష్టం, దొరికినా రేట్లు ఎక్కువ. ఇంకాస్త ఉత్తరాన ఒగోతో వేడినీటి బుగ్గల దగ్గర సంప్రదాయ సత్రాలు బాగుంటాయి. కానీ వాటిలో రాత్రి భోజనం వేళకే పెడతారు. ఆటలు సాయంత్రం దాకా సాగిన రోజున ఆ వేళ దాటిపోతుంది, కట్టిన డబ్బు పోతుంది. పోటీ రోజుల్లో హోటల్లో ఉండి, అవి అయ్యాక ఒక రాత్రి అక్కడ గడపండి. శాకాహారులకు నూడిల్స్ షాపుల్లో పులుసు చాలావరకు చేపదే. ఉమే అనే పుల్లని పండు ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు లేబుల్ చూసి కొనుక్కోవడమే దారి.

ఏ పోటీ చూడాలి? జనవరిలో మెయిజిన్ (పురుషుల), క్వీన్ (మహిళల) పట్టాల ఫైనల్స్ జరుగుతాయి. పేరు పెద్దదే కానీ, హాల్లో ప్రేక్షకులకు చోటు బాగా తక్కువ. ఆన్‌లైన్ ప్రసారంలోనే చెయ్యి కదలిక బాగా కనిపిస్తుంది. వెళ్లి చూడాల్సింది జూలైలో జరిగే హైస్కూల్ జాతీయ పోటీ. జట్టుకు ఐదుగురు, ఐదు ఆటలూ ఒకేసారి, మూడు గెలిచిన జట్టుది విజయం. ఏ రౌండు ఏ హాల్లోనో ముందే చూసుకోవాలి. జనవరి 3న క్యోటోలోని యసాకా ఆలయంలో పాతకాలపు దుస్తుల్లో ఆడే కరుతా కన్నులపండువే, అయితే అది వేడుక, పోటీ కాదు.

హాల్లోకి మేజోళ్లతోనే వెళ్లాలి. చదివేవారు పద్యం ఎత్తుకునే క్షణంలో కదలకూడదు, సంచి జిప్పు కూడా లాగకూడదు. కారణం ఆటలోనే ఉంది. నేల మీది కార్డుల్లో పద్యం రెండో సగమే ఉంటుంది. చదివేది మొదటి సగం నుంచి. ‘ఫు’తో మొదలయ్యే పద్యం నూటిలో ఒక్కటే. అందుకే ఆ అక్షరం పూర్తిగా పలక్కముందే, పెదవుల మీది గాలి చప్పుడుకే చెయ్యి లేస్తుంది, కార్డు ఎగిరి పక్కవాళ్ల దగ్గర పడుతుంది. చాలా ఆటలకు అంపైర్ ఉండరు. ఎవరు ముందు తాకారన్నది ఆడేవాళ్లిద్దరూ మాట్లాడుకుని తేల్చుకుంటారు.

ఇలాంటి పోటీ పెట్టాలంటే ఖర్చు తక్కువే. 16 మందికి తొలి రౌండులో ఎనిమిది జతల ఆట, అంటే నేల మీది కార్డుల సెట్లు ఎనిమిది, చదవడానికి ఒకటి. ప్రతి జతా తన నూరు కార్డుల్లోంచి చెరి 25 తీసుకుని, తమ ముందు మూడు వరసలుగా 87 సెంటీమీటర్ల వెడల్పులో పేర్చుకుంటుంది. మిగతా 50 పెట్టెలోకి. అవి చదివినప్పుడు కార్డు తాకితే తప్పు, ఎదుటివారు ఒక కార్డు మీకిస్తారు. తన వైపు ముందుగా ఖాళీ చేసినవారిదే గెలుపు. గుర్తుపెట్టుకోవడానికి 15 నిమిషాలు, ఆటకు గంట పైనే. సర్దుకోవడంతో కలిపి రౌండుకు గంటన్నర వేసుకుంటే, నాలుగు రౌండ్లకు ఆరు గంటలు. ఎక్కువగా బెడిసేది కార్డుల దగ్గరే: ఎగిరినవి పక్క సెట్టులో కలిసిపోతాయి. ప్రతి రౌండు తర్వాత నూరూ లెక్కపెట్టాకే పెట్టె మూయాలి. పోటీల్లో వాడేది క్యోటోలో 1800 నుంచి ఉన్న ఓయిషి తెంగుదో వాళ్ల కార్డులు. కొనేటప్పుడు పోటీ సెట్టే అడగండి.

మన పద్యాలతో ఈ ఆట ఆడించాలనుకునే బడులకు సుమతీ శతకం బాగా సరిపోతుంది. కందంలో నాలుగు పాదాలకూ ప్రాస ఒకటే కాబట్టి, మొదటి పాదంలో రెండో అక్షరం వినగానే అదే ప్రాసతో ఉన్న కార్డు వెతకొచ్చు. పద్యం పూర్తిగా రాని పిల్లలూ ఆడగలరు. వేమన పద్యాలైతే కార్డు మీద మూడో పాదం రాయాలి. నాలుగోది మకుటం కదా, కార్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి.