ఉదయగిరి కొండ మీద వాషింగ్టన్ పంచాయితీ

సంక్రాంతి దాటాక బావా నేనూ నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ మీది కోట చూసొచ్చాం. బావ రిటైరైన హిస్టరీ లెక్చరర్. "బ్రిటిషోళ్ల మీద స్వాతంత్ర్య యుద్ధం నడిపిన సేనాధిపతి వాషింగ్టన్ లేకుంటే అమెరికానే లేదబ్బయా" అని నెల్లూరు బస్టాండులో మొదలుపెట్టాడు, ఆత్మకూరు దాటినా ఆపలేదు.

ముందు బస సంగతి. ఊళ్లో చిన్న లాడ్జిలో దిగాం, రాత్రికి 700. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ తెల్లారేసరికి కుళాయిలో చుక్క లేదు. మోటారు కాలిందన్నారు. పక్కింటి బావి నుంచి రెండు బకెట్లు తెచ్చిచ్చిన కుర్రాడికి మాత్రం దండం పెట్టాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు నెల్లూరులోనే గది తీసుకుని తొలి బస్సెక్కడం మేలు. మెస్‌లో గోంగూర పప్పు బాగుంది.

కొండ 3,000 అడుగుల పైమాటే. ఆరింటికల్లా ఎక్కడం మొదలెట్టండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి. పైన ఏమీ దొరకదు. దారి చూపడానికి ఊరి కుర్రాడికి 500 ఇచ్చాం, దండగ కాదు. అతను లేకుంటే ఆ కంపల్లో మసీదు దాకా పోయేవాళ్లమే కాదు.

బురుజు నీడలో కూలబడ్డాక బావ రాయలవారిని అందుకున్నాడు. 1514లో ఈ కోట పడింది ఆయన వల్లేనంట! నాకు ఒళ్లు మండింది. లోపల పదివేల కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, కొండలు పగలగొట్టి దారి వేయిస్తూ ఏడాదిన్నర కాచుక్కూర్చున్నారనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. మరి ఆ రాళ్లు కొట్టినోళ్ల పేర్లేవి?

"నీ వాషింగ్టనూ అంతే బావా. బ్రూక్లిన్‌లో ఓడాడు, బ్రాండీవైన్‌లో ఓడాడు. 1777లో సరటోగాలో గెలిపించింది ఇంకో అమెరికా జనరల్ గేట్స్. ఆ గెలుపు చూసే ఫ్రాన్సు చెయ్యి కలిపింది. 1781లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్‌కి సముద్రం వైపు దారి మూసింది ఫ్రెంచి నౌకలు." (ఆ కార్న్‌వాలిసే ఐదేళ్లకు మన నెత్తిన గవర్నర్ జనరల్‌గా దిగాడు.)

బావ నీళ్ల సీసా మూత నిదానంగా బిగించాడు. "ఓడిన ప్రతిసారీ సైన్యం చెదిరిపోకుండా కాసిందెవురు? చలికాలం విడిది వేలీ ఫోర్జ్‌లో రోగాలతో రెండు వేల మంది దాకా పోయినా మిగతావాళ్లని నిలబెట్టిందెవురు? 1783లో గెలిచాక సేనాధిపతి పదవి వదిలేసి ఇంటికి పోయిందెవురు?"

ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫ్రాన్సు విప్లవం తర్వాత నెపోలియన్ ఏం చేశాడో తెలుసుగా, తనే చక్రవర్తై కూర్చున్నాడు.

దిగేటప్పుడు మోకాళ్లు వణికాయి. కింద ఉదయగిరి చెక్క గరిటెలు కొన్నాం. నునుపుగా, తేలిగ్గా ఉన్నాయి, బేరమాడబుద్ధి కాలేదు.

తిరుగుదారి వింజమూరు, కలిగిరి మీదుగా కావలికి. మధ్యలో ఆటో మాట్లాడుకుని దూబగుంట పోయాం. చూడ్డానికంటూ ఏమీ లేదు, మామూలు పల్లె. కానీ చదువు నేర్చుకునే వాచకంలో ఒక పాఠం చదివి, ఈ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మీదకి నడిచారు. ఆ సారా వ్యతిరేక ఉద్యమంలో రోసమ్మ పేరు అందరికీ తెలుసు, కానీ ఆమె ఎవరికీ సేనాధిపతి కాదు. ఊరూరా ఎవరికి వాళ్లే కదిలారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యానికీ.

"చూశావా, జనరల్ లేకుండానే!" అన్నాను.

"1997లో సడలించేశారే. అప్పుడు ఆ సైన్యం ఎక్కడుంది?"

ఆటో అతను వెనక్కి తిరిగాడు. "మా అమ్మ కూడా పోయిందిలే సార్ ఆ గొడవలోకి. ఎవురు పిలిచారని అడిగితే, ఎవురూ పిలవలా, పక్కింటామె పోతుంటే పోయినా అంటది."

కావలి దాకా బావ నోరెత్తలేదు.