రీసెల్లర్ దగ్గర ఆఫీస్ మెయిల్ కొంటున్నారా? అడ్మిన్ లాగిన్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి

మైక్రోసాఫ్ట్ 365 మెయిల్, టీమ్స్ లాంటివి లోకల్ రీసెల్లర్ (కంపెనీ సర్వీసును మనకి తిరిగి అమ్మే ఏజెంటు) ద్వారా తీసుకునే చిన్న వ్యాపారులందరూ ఇది ఒకసారి చదవండి. మాది గుంటూరులో మిర్చి ఎగుమతి. ఈసారి రెన్యువల్ డబ్బు కట్టిన కొద్ది రోజులకే మా ఆఫీసులో నలుగురి ఐడీలు మాయమయ్యాయి. సర్వీసులో లోపమేమీ లేదు, అది మాకు అమ్మిన రీసెల్లర్ చేసిన పని. వాళ్ళ పేరు రాయట్లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉంటారు, పేరు కన్నా ఆ పద్ధతిని గుర్తుపట్టడమే ముఖ్యం.

విషయం మాకు తెలిసింది బయటి నుంచే. సీజన్ మధ్యలో మలేషియా బయ్యర్ ఒకాయన తేజ రకం మిర్చికి పర్చేజ్ ఆర్డర్ పంపితే మెయిల్ వెనక్కి వచ్చేసింది. ఆయన వాట్సాప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్‌లో 550 5.1.10 అనే నంబరు, పక్కనే "రెసిపియెంట్ నాట్ ఫౌండ్" అని ఉంది. అంటే మెయిల్‌బాక్స్ నిండిపోవడం కాదు, అసలు ఆ చిరునామాయే అక్కడ లేదు. ఇక్కడ మా డిస్పాచ్ కుర్రాడి ఔట్‌లుక్ (మెయిల్ చూసే ప్రోగ్రామ్) పదే పదే పాస్‌వర్డ్ అడుగుతోంది. టీమ్స్‌లో పాత చాట్లు తెరిస్తే అతని పేరు ఉండాల్సిన చోట "అన్‌నోన్ యూజర్" అని కనిపిస్తోంది.

రీసెల్లర్‌కి ఫోన్ చేస్తే మొదట చెప్పింది, "సర్వర్ ఇష్యూ సార్, టికెట్ రేజ్ చేశాం, రేపటికల్లా వచ్చేస్తుంది." తర్వాత వాళ్ళ టెక్నీషియన్ లైన్‌లోకి వచ్చి ఔట్‌లుక్ ప్రొఫైల్ (కంప్యూటర్లో ఉండే ఆ ఐడీ సెట్టింగులు, మెయిల్స్ కాపీ) తీసేసి మళ్ళీ పెట్టమన్నాడు. ఆ తర్వాత అదే పేరుతో కొత్త ఐడీ ఇచ్చి "వచ్చేసింది చూడండి" అన్నారు. తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ! పాత మెయిల్స్ ఏవయ్యా అంటే, అందుకు డేటా రికవరీ ఛార్జీలు వేరే అని కొటేషన్ పంపారు.

ఆ రికవరీ అంటే ఏమిటో తెలిస్తే ఒళ్ళు మండుతుంది. మైక్రోసాఫ్ట్ 365లో యూజర్‌ని డిలీట్ చేస్తే వెంటనే పోడు. అడ్మిన్ సెంటర్‌లో (ఆఫీసు ఐడీలన్నీ నడిపించే సైటు) "యూజర్స్" కింద "డిలీటెడ్ యూజర్స్" అనే పేజీ ఉంటుంది. అక్కడ 30 రోజుల పాటు ఆ పేరు అలాగే ఉంటుంది. దాన్ని ఎంచుకుని "రీస్టోర్ యూజర్" నొక్కి, పాస్‌వర్డ్ పెట్టి, లైసెన్స్ (ఒక్కో యూజర్‌కి డబ్బు కట్టి తీసుకునే హక్కు) కేటాయిస్తే మెయిల్స్‌తో సహా తిరిగొస్తాడు. పైసా ఖర్చు లేదు, కావాల్సిందల్లా ఖాళీగా ఒక లైసెన్స్. కానీ ఆ 30 రోజులు దాటితే మామూలుగా ఎవరూ ఏమీ చేయలేరు. "టికెట్ వేశాం, రేపు, ఎల్లుండి" అని వాళ్ళు నాన్చే ప్రతి రోజూ ఆ గడువులోంచే పోతుంది. అదే పేరుతో ఖాళీ ఐడీ చేయించుకోవడమూ మంచిది కాదు. పాత యూజర్‌ని తిరిగి తెచ్చేటప్పుడు ఆ చిరునామా ఇంకొకరి దగ్గరుందని అడ్డం పడుతుంది.

యూజర్ కనిపించకపోతే ప్రతిసారీ డిలీట్ అయినట్టు కాదులెండి, ఊరికే టెన్షన్ పడొద్దు. ఔట్‌లుక్ అడ్రస్ బుక్‌లో మాత్రమే పేరు లేకపోతే ఒకసారి బ్రౌజర్‌లో తెరిచి చూడండి. కంప్యూటర్లో ఉండే కాపీ రోజుకోసారే అప్‌డేట్ అవుతుంది కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు అందులో ఆలస్యంగా వస్తారు. బ్రౌజర్‌లోనూ పేరు లేదు కానీ మెయిల్ మాత్రం చేరుతోందంటే అడ్రస్ లిస్ట్ నుంచి దాచిపెట్టారన్నమాట. లాగిన్ పేజీ అకౌంట్ బ్లాక్ అయిందని చెబితే సైన్ ఇన్ ఆపారు, మెయిల్స్ క్షేమంగానే ఉంటాయి. లాగిన్ అవుతోంది, మెయిల్‌బాక్స్ మాత్రం లేదంటే లైసెన్స్ తీసేశారు. దానికీ 30 రోజులే గడువు. అసలు ఆ యూజర్‌నేమే లేదని లాగిన్ పేజీ అంటూ, బయటి జీమెయిల్ నుంచి పంపింది కూడా మాలాగే 5.1.10తో తిరిగొస్తే వెంటనే డిలీటెడ్ యూజర్స్ పేజీ చూడాల్సిందే.

చూడాలంటే అడ్మిన్ లాగిన్ ఉండాలి కదా. మాకు ఇవ్వలేదు. "సెక్యూరిటీ కోసం మా దగ్గరే ఉంటుంది సార్" అనేవాళ్ళు. మమ్మల్ని కాపాడింది డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు). అది మా పేరు మీదే ఉంది, దాని సెట్టింగులు మార్చే డీఎన్ఎస్ లాగిన్ కూడా మా దగ్గరే. డొమైన్ మీదేనని రుజువు చేసుకోగలిగితే అడ్మిన్ హక్కు పోగొట్టుకున్నవాళ్ళ కేసులు చూడటానికి మైక్రోసాఫ్ట్‌లో డేటా ప్రొటెక్షన్ టీమ్ అని వేరే ఉంటుంది. మేం ఆ దారిలో వెళ్తున్నామని రీసెల్లర్‌కి మెయిల్ పెట్టగానే, అదే సాయంత్రం గ్లోబల్ అడ్మిన్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్) లాగిన్ పంపించేశారు.

లోపలికి వెళ్ళి చూస్తే అసలు కథ బిల్లింగ్ పేజీలో ఉంది. మా దగ్గర 14 మందికి డబ్బు తీసుకుని, రెన్యువల్‌లో కొన్నది 8 లైసెన్సులు. నలుగురిని డిలీట్ చేసేశారు. ఆడిట్ లాగ్‌లో (ఎవరు ఏం చేశారో నమోదయ్యే చిట్టా) ఆ నాలుగు డిలీట్లూ వాళ్ళ అడ్మిన్ ఐడీ పేరుతో, తేదీ, టైముతో సహా ఉన్నాయి. ఆ లాగ్ మామూలుగా 180 రోజులు ఉంటుంది, మీరు వెళ్ళగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంకో ఇద్దరివి షేర్డ్ మెయిల్‌బాక్సులుగా (పలువురు కలిసి చూసుకునేవి) మార్చి ఉన్నాయి. 50 జీబీ లోపు షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి లైసెన్స్ అక్కర్లేదు, అది ఉచితం. మన బిల్లులో మాత్రం ఫుల్ యూజర్ రేటే!

నలుగురినీ రీస్టోర్ చేసుకున్నాం. తక్కువైన లైసెన్సులు మళ్ళీ మా డబ్బుతోనే కొనాల్సి వచ్చింది. పాత అకౌంటెంట్ ఐడీ ఒకటి, మాకు చెప్పకుండా అంతకుముందెప్పుడో తీసేసింది, గడువు దాటిపోయింది. ఆవిడ వాడిన కంప్యూటర్లో ప్రొఫైల్ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి, నెట్ కేబుల్ పీకి క్లాసిక్ (పాత రకం) ఔట్‌లుక్ తెరిచి ఉన్నంతవరకు పీఎస్‌టీ ఫైల్‌గా (మెయిల్స్ దాచుకునే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేశాం. అందులో ఒక ఏడాది మెయిల్స్ మాత్రమే ఉన్నాయి, అంతకన్నా పాతవి పోయినట్టే. ప్రొఫైల్ తీసేయమని ఎవరైనా చెబితే ఎందుకు వినకూడదో అర్థమైందిగా.

కొనేటప్పుడు గ్లోబల్ అడ్మిన్ లాగిన్ మీ ఫోన్ నంబరుతో, మీ చేతిలో ఉండాలి. డొమైన్ మీ పేరు మీదే కొనండి, వాళ్ళు ఫ్రీగా ఇస్తామన్నా సరే. రెన్యువల్ అయిన రోజే బిల్లింగ్ పేజీ తెరిచి లైసెన్సుల సంఖ్యను ఇన్‌వాయిస్‌తో సరిచూసుకోండి. ఏడాది ప్లాన్లలో లైసెన్సులు తగ్గించుకోవడానికి మొదటి 7 రోజులే అవకాశం, కాబట్టి ఈ చేతివాటం ఎక్కువగా రెన్యువల్ సమయంలోనే జరుగుతుంది. సెట్టింగ్స్‌లో "పార్టనర్ రిలేషన్‌షిప్స్" చూస్తే రీసెల్లర్‌కి ఏయే అధికారాలున్నాయో తెలుస్తుంది, అక్కర్లేనివి అక్కడే తీసేయొచ్చు. గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్ళు ఇంకా తొందరపడాలి, అక్కడ డిలీట్ చేసిన యూజర్‌ని తిరిగి తెచ్చుకునే గడువు 20 రోజులే. అక్కడ రీసెల్లర్‌ని మార్చాలంటే అడ్మిన్‌గా మీరే ట్రాన్స్‌ఫర్ టోకెన్ (కొత్త రీసెల్లర్‌కి ఇచ్చే కోడ్) తీసుకోవచ్చు.

డబ్బు వాపసు సంగతి ఇంకా తేలలేదు. కన్స్యూమర్ ఫోరంకి వెళ్ళమని చాలామంది అన్నారు కానీ, 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నదానికి సాధారణంగా వినియోగదారు కింద రాము, సొంతంగా బతుకుతెరువు కోసం నడుపుకునేవాళ్ళకే మినహాయింపు. అందుకని లాయర్ నోటీసు పంపాం. ఇన్‌వాయిస్‌లో ప్లాన్ పేరు, లైసెన్సుల సంఖ్య స్పష్టంగా ఉండబట్టి నోటీసు రాయడం తేలికైంది. మీ బిల్లులో "ఈమెయిల్ సర్వీస్ – 1 ఇయర్" అని ఒక్క లైనే ఉంటే, ఇప్పుడే వివరంగా మళ్ళీ ఇప్పించుకోండి.