అరండల్‌పేట బేకరీలో ఈస్టర్ రొట్టెలు: బన్ను కొనండి, కులిచ్ వద్దు

మట్టల ఆదివారం వచ్చిందంటే గుంటూరు బేకరీల ముందు హాట్ క్రాస్ బన్ను బోర్డులు లేస్తాయి. చాలాచోట్ల ఇచ్చేది మామూలు తీపి బన్నే, పైన ఐసింగ్‌తో సిలువలా రెండు గీతలు. ఏప్రిల్ ఎండకు ఇల్లు చేరేలోపే ఆ సిలువ కరిగి పెట్టె మూతకు అంటుకుంటుంది. అరండల్‌పేటలోని ఈ చిన్న బేకరీలో సిలువను మైదా ముద్దతో వేస్తున్నారు, అసలు పద్ధతి అదే. మైదా, నీళ్లు ఇంచుమించు సమానంగా కలిపి, బన్ను రెండోసారి పొంగాక, ఓవెన్‌లోకి వెళ్లే ముందు గీయాలి. ముద్ద గట్టిగా ఉంటే బన్ను ఉబ్బేటప్పుడు గీత పగులుతుంది, పలుచనైతే పక్కలకు పాకుతుంది. ఇక్కడ గీతలు అంచు దాకా చెదరకుండా ఉన్నాయి.

లోపల టూటీ ఫ్రూటీ లేదు, అదే పెద్ద సంతోషం. కిస్‌మిస్, పాకంలో ఉడికించిన నారింజ తొక్క వేశారు. కిస్‌మిస్‌ను నానబెట్టే వేశారని కొరకగానే తెలుస్తుంది. నానబెట్టకపోతే అది పిండిలో తడి లాగేసుకుని మర్నాటికి బన్నును పొడిబారుస్తుంది. దాల్చినచెక్క, జాజికాయ వాసన సరిపడా ఉంది. దాల్చినచెక్క ఎక్కువైతే ఈస్ట్ మందగించి బన్ను బరువెక్కుతుంది. మసాలా రొట్టె అంటే ఘాటుగా ఉండాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే పంచదార పాకం పూశారు కాబట్టి మెరుపు ఉంది, చేతికి జిగురు లేదు.

ఆరు బన్నుల పెట్టె 180 రూపాయలు. ఉదయం పది లోపు తెచ్చుకోండి. సాయంత్రానికి గట్టిబడితే అడ్డంగా కోసి, వెన్న రాసి, పెనం మీద సన్నని సెగన మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచితే చాలు. 1592లో లండన్‌లో ఇలాంటి మసాలా రొట్టెలను గుడ్ ఫ్రైడేకి, క్రిస్మస్‌కి, అంత్యక్రియలకి తప్ప అమ్మకూడదని కట్టడి చేశారు. ఈ బేకరీ కూడా పండుగ వారంలోనే చేస్తుంది, అది మంచిదే.

గ్రీకుల ఈస్టర్ రొట్టె సురేకి కూడా పెట్టారు: మూడు పాయల జడలా అల్లిన రొట్టె, మధ్యలో ఎర్ర రంగు వేసిన గుడ్డు. గ్రీసులో దీనికి పరిమళం ఇచ్చేవి మహ్లేపి అనే ఒక రకం చెర్రీ గింజల పొడి, కియోస్ దీవిలో చెట్టు నుంచి కారే మాస్టిక్ బంక. అవి ఇక్కడ దొరకవు కాబట్టి యాలకులు వేసి, ఆ సంగతి చీటీ మీదే రాశారు. రుచికి లోటు లేదు, చీలిస్తే పీచుపీచుగా వస్తోంది. లోపం జడలోనే ఉంది: పాయలు కలిసిపోయి చదునైంది. ఇంత వెన్న ఉన్న పిండిని మన వేసవి వంటింట్లో మామూలుగా వదిలేస్తే వెన్న కరిగి బయటికొస్తుంది, పిండి కూడా అతిగా పొంగుతుంది. ఫ్రిజ్ పాలతో కలిపి, పిసకడం పూర్తయ్యేసరికి పిండి వేడి 26 డిగ్రీలు దాటకుండా చూసి, జడ అల్లే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెడితే పాయలు విడివిడిగా నిలుస్తాయి. గుడ్డు చుట్టూ రంగు కూడా కారింది. రంగునీళ్లలో వెనిగర్ కలిపి, గుడ్డును పూర్తిగా ఆరనిచ్చి పెడితే ఇంత కారదు. ఆ గుడ్డును పిల్లలకు పెట్టకండి, ఎండలో కౌంటర్ మీద ఎంతసేపు ఉందో తెలియదు.

ఇక రష్యన్ల ఈస్టర్ రొట్టె కులిచ్. పొడవాటి గుండ్రటి రొట్టె, పైన తెల్లటి ఐసింగ్. ‘క్రీస్తు లేచెను’ అనే రష్యన్ మాటల మొదటి అక్షరాలు రెండూ చక్కగా వేశారు. కోస్తే నడుమ పచ్చి పిండి. పొడవాటి డబ్బాలో పైభాగం ముందే ఎర్రబడుతుంది, అది చూసి తీసేసినట్టున్నారు. కిలో రొట్టెకు 160 డిగ్రీల దగ్గర గంట దాకా పడుతుంది. పైన ఎర్రబడగానే అల్యూమినియం ఫాయిల్ కప్పాలి, లోపల థర్మామీటర్ 93 డిగ్రీలు చూపేదాకా ఉంచాలి. తీశాక నిలబెట్టేయడంతో నడుం కుంగింది. రష్యాలో దీన్ని మెత్తటి దిండు మీద పక్కకు పడుకోబెట్టి, దొర్లిస్తూ చల్లారుస్తారు. 650 రూపాయలు పెట్టి ఈ ఏడాది దీన్ని తీసుకోవద్దు.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన తర్వాత సంఘంలో పంచడానికి బన్నులు చెప్పేవాళ్లు శనివారం రాత్రి కాల్చినవే అడగండి, పూర్తిగా చల్లారాకే కవర్లలో వేయమని గట్టిగా చెప్పండి. వేడి మీద కడితే కవర్ లోపల చెమ్మ పట్టి సిలువ మెత్తబడుతుంది, మిగిలినవి ఈ వేడికి ఒకట్రెండు రోజుల్లోనే బూజు పడతాయి.