నీడ సందులో రంగుల ఫెర్న్: పెయింటెడా, సిల్వరా, బ్లూ స్టారా?

"ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య మూడడుగుల సందుంది, ఎండ పడదు. రంగు ఆకుల ఫెర్న్ ఏది పెట్టమంటారు?" ఈమధ్య నలుగురైదుగురు ఇదే అడిగారు. అందరూ పంపిన ఫొటో కూడా ఒకటే, జపనీస్ పెయింటెడ్ ఫెర్న్. వెండి ఆకు, వంకాయ రంగు ఈనె. 2004లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ఆ ఏటి మొక్కగా ఎంచింది దీన్నే. అయితే ఇది చలిదేశాల మొక్క. చలికాలం ఆకులు ఎండిపోయి, వేరు నిద్రపోవాలి. మన జనవరి చలి దానికి ఏ మూలకి? నేనూ మోజుపడి తెప్పించాను. ఉగాది దాకా కళకళలాడింది. మే రెండో వారానికి కుండీ మిగిలింది.

హైదరాబాద్‌లో ఫెర్న్ బతుకు తేల్చేది మే నెలే. సందు ఇంటికి ఉత్తరం వైపు ఉంటే, నీడే కదా అనుకుంటాం. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఏడాదంతా చల్లగా ఉన్న గోడవారకీ అప్పుడు ఎండ దిగుతుంది. పైగా నలభై డిగ్రీల పొడిగాలి. అందుకే గ్రీన్ నెట్ కట్టాకే మొక్క మాట.

నా ఓటు సిల్వర్ ఫెర్న్‌కి. టెరిస్ క్రెటికా అనే ఫెర్న్ జాతిలో ఆల్బోలినియేటా రకం ఇది. ఆకు నడుమ తెల్లటి చార, అంతే, మరీ రంగులేం లేవు. కానీ సున్నం దీనికి పడుతుంది. మా బోరు నీళ్లు బకెట్‌కి తెల్లపొర కట్టే రకం, అయినా ఇది నిలబడింది. దీని చుట్టమొకటి పాత సున్నపు గోడల పగుళ్లలో తనంతట తానే మొలుస్తుంది, చూసే ఉంటారు. మేలో కొన్ని ఆకులు మాడాయి. మొదలుకంటా కత్తిరించాను, తొలకరికి మళ్లీ చిగురించింది.

బ్లూ స్టార్ నీలిబూడిద ఆకు మందంగా ఉంటుంది, పొడిగాలికి కొంత ఓర్చుకుంటుంది. ఇది చెట్ల మీద పెరిగే జాతి, ఎర్రమట్టిలో పాతితే కుళ్లుతుంది. కొబ్బరి చిప్స్ కలిపిన వదులు మిశ్రమం వేసి, నూగు దుంపని పైకే ఉంచాలి. సందులో కంటే కిటికీ పక్కన మేలు.

రోజీ మెయిడెన్‌హెయిర్ అనే ఇంకో ఫెర్న్ లేతాకు గులాబీ రంగే, కానీ తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకి వద్దు.

అంతగా పెయింటెడే కావాలంటే దసరా వెళ్లాక కొనండి, సంక్రాంతి బొమ్మల కొలువు పక్కన పెట్టుకుని మురవండి. మార్చిలో నీలగిరి కొండల్లోని కూనూరు వెళ్లే చుట్టాలుంటే ఇచ్చి పంపేయండి.