కెనడాలో అప్పులు కట్టలేకపోతే: దివాలా మేలా, ప్రపోజల్ మేలా?

2009లో కెనడాలో అప్పులు తీర్చలేమంటూ వ్యక్తులు వేసిన కేసులు లక్షన్నర దాటాయి. వాటిలో మూడొంతులు నేరుగా ఐపీ పెట్టినవే. 2024లో కేసులు మళ్లీ 1.37 లక్షల దాకా వచ్చాయి. కానీ ఈసారి ప్రతి ఐదింటిలో దాదాపు నాలుగు కన్స్యూమర్ ప్రపోజల్స్. అంటే అప్పులో కొంత భాగాన్ని, కొత్త వడ్డీ లేకుండా, అయిదేళ్లలోపు కడతామని అప్పులవాళ్లతో చేసుకునే ఒప్పందం. ప్రపోజల్ వేయాలంటే మొత్తం అప్పు ఎంతకు మించకూడదన్న పరిమితి 2009 సెప్టెంబరులో 75 వేల డాలర్ల నుంచి రెండున్నర లక్షలకు పెరిగింది. ఉంటున్న ఇంటి మార్ట్‌గేజ్ (ఇంటి లోను) ఈ లెక్కలోకి రాదు.

అందరూ వేస్తున్నారని మనమూ వేసేయాలా? జీతం తక్కువ, ఆస్తి లేదు అన్నవాళ్లకు నా ఓటు దివాలాకే. మొదటిసారైతే తొమ్మిది నెలల్లో బయటపడొచ్చు. అలాంటి మనిషి అయిదేళ్లపాటు నెలనెలా కట్టుకుంటూ పోవడంలో అర్థం లేదు.

జీతం బాగా ఉంటే కథ వేరు. దివాలాలో ప్రభుత్వం పెట్టిన పరిమితికి మించి వచ్చే ఆదాయంలో సగం ట్రస్టీకి (దివాలా, ప్రపోజల్ వ్యవహారాలు నడిపే లైసెన్సున్న నిపుణుడికి) కట్టాలి, గడువు 21 నెలలకు పెరుగుతుంది. నెలకు వెయ్యి డాలర్లు ఎక్కువ వస్తుంటే 500 చొప్పున 10,500 అవుతుంది. మధ్యలో జీతం ఇంకో 800 పెరిగితే, నెలకు కట్టాల్సింది 900. ప్రపోజల్‌లో ఆ టెన్షన్ లేదు: నెలకు 250 అని ఒప్పుకుంటే జీతం ఎంత పెరిగినా 250కే పరిమితం. ఇల్లు, ఇండియాలో ఉన్న స్థలం లాంటివీ చేజారవు. అయితే రెండు దారుల్లోనూ వాటిని చూపించాల్సిందే. ఊళ్లో పొలం ఉందన్న సంగతి ఇక్కడెవరికి తెలుస్తుందిలే అని దాచడం నేరం. పైగా మూడు నెలల వాయిదాలు బాకీ పడితే ప్రపోజల్ రద్దయిపోతుంది.

క్రెడిట్ స్కోర్ భయంతో ప్రపోజల్ వైపు మొగ్గేవాళ్లు ఎక్కువ. నిజానికి తేడా అనుకున్నంత లేదు. దివాలా ముగిశాక ఆరేడేళ్లు రికార్డులో ఉంటుంది. ప్రపోజల్ పూర్తిచేసిన మూడేళ్లకో, వేసిన ఆరేళ్లకో, ఏది ముందైతే అప్పుడు పోతుంది. అయిదేళ్లూ కట్టేవాళ్లకు చివరికి మిగిలే లాభం ఒకట్రెండేళ్లు. ఇంకొకటి: ప్రపోజల్‌లో అప్పులవాళ్లకు పంచే సొమ్ములో 20 శాతం ట్రస్టీ ఫీజు. అందుకే రెండింటి లెక్కా కాగితం మీద వేసి చూపించమని అడగండి.

వ్యాపారాల దివాలాలు కూడా 2024లో బాగా పెరిగాయి. అంతకుముందే బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 0.25 నుంచి 5 శాతానికి ఎగబాకింది, కోవిడ్ రుణాల మాఫీ గడువు ఆ ఏడాది జనవరిలో ముగిసింది. కంపెనీ మునిగినా, మీరిచ్చిన పర్సనల్ గ్యారంటీ మాత్రం మీ మెడకే ఉంటుంది. కారు లోనుకు మీ పక్కన సంతకం పెట్టిన బావమరిది సంగతీ అంతే: మీరు ఏ దారిన బయటపడినా, బ్యాంకు మిగతా బాకీ అతన్నే అడుగుతుంది. ట్రస్టీ దగ్గరికి వెళ్లే ముందే ఆ మాట అతని చెవిన వేయండి.