హైబ్రిడ్ కారు కొనేవాళ్ళకు జాగ్రత్త: బ్యాటరీ భయం చూపించి అంటగట్టే ఎక్స్‌టెండెడ్ వారంటీ

హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా ఉండేది) బుక్ చేయడానికి షోరూమ్‌కి వెళ్తే ఈ మాట తప్పకుండా వినబడుతుంది: "సార్, ఇందులో పెద్ద బ్యాటరీ ఉంటుంది. అది పోతే లక్షల్లో ఖర్చు. వారంటీ పొడిగించుకోకపోతే తర్వాత మీరే ఇబ్బంది పడతారు." ఖర్చు సంగతి నిజమే. కానీ ఆ బ్యాటరీకి కంపెనీ ముందే 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ విడిగా ఇస్తోందన్న ముక్క మాత్రం ఆ నోట రాదు. ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీల స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంతదూరం కరెంటు మీదే నడవగల) రకాలన్నిటికీ ఇదే లెక్క. దాని కోసం మీరు పైసా అదనంగా కట్టనక్కర్లేదు. మూడేళ్ళ వారంటీకి ఇంకో రెండేళ్ళు కలుపుకుంటే మొత్తం ఐదు. ఎనిమిదేళ్ళు ఎలాగూ రక్షణ ఉన్న బ్యాటరీ పేరు చెప్పి ఐదేళ్ళ కాగితం అమ్ముతున్నారన్నమాట.

అలాగని పొడిగించిన వారంటీ మొత్తం దండగ అనడం లేదు. కొందరికి తప్పకుండా పనికొస్తుంది. చిక్కల్లా బ్యాటరీ భయంతో అసలు చూడాల్సిన రెండు సంగతులు చూడకుండానే సంతకం పెట్టేయడం దగ్గర వస్తోంది: ఆ కాగితం ఎవరిది, దాని మీద కిలోమీటర్ల హద్దు ఎంత.

ముందు కాగితం ఎవరిదో చూడండి. కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరు, డీలరు సొంతంగానో మూడో సంస్థ ద్వారానో ఇచ్చేది వేరు. ఆన్‌రోడ్ కొటేషన్‌లో రెండూ "ఎక్స్‌టెండెడ్ వారంటీ" అనే ఒక్క లైన్‌గానే కనిపిస్తాయి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను), ఫాస్టాగ్, యాక్సెసరీస్ ప్యాక్ మధ్యలో ఆ లైన్ ఎవరి కంటా పడదు. తేడా బయటపడేది నాలుగో ఏట. హైదరాబాద్‌లో కొన్న బండి వైజాగ్ దారిలో మొరాయిస్తే, కంపెనీ వారంటీ అయితే దగ్గర్లో ఉన్న ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చేస్తారు. డీలరు కాగితమైతే "మా సిస్టమ్‌లో మీ బండికి వారంటీ చూపించడం లేదండీ, కొన్నచోటికే తీసుకెళ్ళండి" అనే జవాబు వస్తుంది. అప్పుడు బండిని లాక్కెళ్ళే వ్యాన్ ఖర్చు కూడా మీదే.

మూడో సంస్థ పథకాల్లో ఇంకో మెలిక ఉంటుంది. ఒక్కో క్లెయిమ్‌కి గరిష్ఠ పరిమితి, మొత్తం మీద ఇంకో పరిమితి, కొన్నిట్లో పార్టుల మీద తరుగుదల కోత, కొన్నిట్లో ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాల్సిన పద్ధతి. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటార్‌కు సరిపడేలా మార్చేది) లాంటి ఖరీదైన పార్టు పోయినప్పుడు పరిమితి దాటిన డబ్బు మీ జేబులోంచే పోతుంది. పైగా వీటిలో చాలావాటికి "ఈ పార్టులకు మాత్రమే వర్తిస్తుంది" అనే జాబితా ఉంటుంది. ఆ జాబితా పెట్రోల్ కార్లకు రాసింది. ఇంజన్, గేర్‌బాక్స్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్ అని బారుగా ఉంటుంది. టొయోటా పద్ధతి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో విడిగా ఆల్టర్నేటర్ ఉండదు, స్టార్టర్ ఉండదు, క్లచ్ ఉండదు. ఆ పనులన్నీ గేర్‌బాక్స్ స్థానంలో ఉండే ట్రాన్సాక్సిల్‌లోని రెండు మోటార్ జనరేటర్లే చేస్తాయి. లేని పార్టులకు వారంటీ కొనుక్కుని, ఉన్నవాటికి లేకుండా ఉండిపోవడం అంటే ఇదే.

అందుకని జాబితాలో ఈ పేర్లు ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి: ఇన్వర్టర్ లేదా పవర్ కంట్రోల్ యూనిట్, ఇన్వర్టర్ కూలెంట్ పంపు, ట్రాన్సాక్సిల్ లోపలి మోటార్లు, కరెంటుతో నడిచే ఏసీ కంప్రెసర్, బ్రేక్ యాక్చుయేటర్, హై వోల్టేజ్ కేబుళ్ళు, బ్యాటరీ కూలింగ్ ఫ్యాన్, బ్యాటరీ ఈసీయూ (బ్యాటరీని అదుపు చేసే కంప్యూటర్). బ్రేక్ యాక్చుయేటర్ గురించి ఎవరూ అడగరు కానీ హైబ్రిడ్‌లో అది ఖరీదైన భాగం. పెడల్ నొక్కినప్పుడు ఎంత భాగం మోటార్‌తో ఆపాలో, ఎంత భాగం ప్యాడ్లతో ఆపాలో సర్దేది అదే. "మినహాయింపులు తప్ప అన్నీ వర్తిస్తాయి" అని రాసి ఉన్న కాగితం అన్నిటికన్నా మంచిది. కంపెనీ పథకాలు ఎక్కువగా ఈ తరహావే.

ఇక కిలోమీటర్లు. "ఐదేళ్ళ వారంటీ సార్" అంటారే గానీ ఏది ముందైతే అది అనే మాట మింగేస్తారు. మారుతి 2024 జూలై నుంచి మామూలు వారంటీని 3 ఏళ్ళు/1,00,000 కి.మీ. చేసింది. పొడిగింపు నాలుగో ఏటికి 1,20,000, ఐదో ఏటికి 1,40,000, ఆరో ఏటికి 1,60,000 కి.మీ. వరకు. అంటే ఒక్కో అదనపు ఏడాదికి పెరిగేది 20,000 కిలోమీటర్లే. టొయోటాలో 3 ఏళ్ళు/1,00,000 మామూలుగా వస్తుంది, ఐదేళ్ళకు పొడిగిస్తే 2,20,000 కి.మీ. వరకు. ఇప్పుడు మీ తిరుగుడు ఎంతో వేసుకోండి. ఏడాదికి 40,000 తిరిగే బండికి లక్ష కిలోమీటర్ల వారంటీ రెండున్నరేళ్ళకే అయిపోతుంది. 1,60,000 హద్దున్న ఆరేళ్ళ పథకం కొంటే సరిగ్గా నాలుగేళ్ళకు ముగుస్తుంది, మిగతా రెండేళ్ళకు కట్టిన డబ్బు గాలికి పోయినట్టే. అదే 2,20,000 హద్దున్నదైతే ఐదేళ్ళు నిండుగా వాడుకుంటారు.

ఇక్కడే ఇంకో సంగతి. ఆ 40,000 తిరిగే మనిషికి ఎనిమిదేళ్ళ బ్యాటరీ వారంటీ కూడా నిజానికి నాలుగేళ్ళే. అందుకని ఆయన అడగాల్సిన ప్రశ్న వేరు: "1,60,000 దాటాక, 2,20,000 లోపు బ్యాటరీ పోతే ఈ పొడిగింపులో వస్తుందా, రాదా?" ఈ జవాబు నోటిమాటగా వద్దు, మెయిల్‌లో రాయించుకోండి. బ్యాటరీ వారంటీని ఎక్స్‌టెండెడ్ వారంటీ పొడిగించదని నియమాల్లో ఉంటే ఎక్కువ తిరిగేవాళ్ళకు దాని విలువ సగానికి సగం పడిపోతుంది. అలాగే ఏ వారంటీ అయినా కవర్ చేసేది లోపాన్ని. వయసుతో మెల్లగా కెపాసిటీ తగ్గి మైలేజీ ఒకటి రెండు కిలోమీటర్లు పడిపోయిందంటే దాన్ని సహజమైన అరుగుదల అంటారు, మార్చరు.

మైల్డ్ హైబ్రిడ్ కొనేవాళ్ళకు ఒక మాట. గ్రాండ్ విటారా, హైరైడర్ రెండూ మైల్డ్, స్ట్రాంగ్ రెండు రకాల్లోనూ అమ్మారు. మైల్డ్‌లో ఉండేది చిన్న బ్యాటరీ, బెల్టుతో నడిచే స్టార్టర్ జనరేటర్. కారు కరెంటు మీద ఒంటరిగా నడవదు. సేల్స్‌మన్ రెండింటినీ "హైబ్రిడ్" అనే అంటాడు. మీరు కొనే వేరియంట్‌కి 8 ఏళ్ళ వారంటీ ఉందో లేదో ఆ కారు వారంటీ బుక్‌లెట్‌లోనే చూడాలి, బ్రోషర్‌లో కాదు.

క్లెయిమ్ ఎందుకు కొట్టేస్తారో తెలిస్తే సగం నష్టం తప్పుతుంది. మొదటిది సర్వీస్ ఆలస్యం. మాన్యువల్‌లో రాసిన నెలలు గానీ కిలోమీటర్లు గానీ ఏది ముందైతే దానికి వెళ్ళాలి. నెలకు రెండు మూడు వందల కిలోమీటర్లే తిప్పేవాళ్ళు "ఇంకా పదివేలు కాలేదుగా" అని ఏడాదిన్నర ఆగుతారు, తర్వాత ఇన్‌వాయిస్‌లో ఖాళీ చూపించి క్లెయిమ్ తిరగ్గొడతారు.

రెండోది బ్యాటరీ ఫ్యాన్ ఫిల్టర్. గాలితో చల్లబడే బ్యాటరీలు క్యాబిన్‌లోని చల్లగాలినే పీల్చుకుంటాయి. ఆ గాలి లోపలికి పోయే జాలీ సాధారణంగా సీటు కిందో పక్కనో ఉంటుంది. దాని మీద బ్యాగులు, దుప్పట్లు పడేస్తే, లేదా కుక్క బొచ్చు, దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, కారు తన పవర్ తగ్గించుకుంటుంది, సెల్స్ త్వరగా దెబ్బతింటాయి. మే నెలలో ఎండలో నిలిపిన కారు గురించి వేరే చెప్పాలా? ప్రతి సర్వీసులో ఆ ఫిల్టర్ శుభ్రం చేసినట్టు జాబ్‌కార్డులో రాయించండి. రాతలో లేకపోతే చేయనట్టే.

మూడోది చాలామంది మెకానిక్‌లకే తెలియదు. హైబ్రిడ్ ఏసీ కంప్రెసర్ హై వోల్టేజ్ కరెంటుతో తిరుగుతుంది. టొయోటా హైబ్రిడ్ కంప్రెసర్లలో వాడేది ఎన్‌డీ-11 అనే పీఓఈ రకం నూనె, అది కరెంటును పారనివ్వదు. గ్యాస్ తక్కువైందని వీధి చివర ఏసీ షాపులో నింపిస్తే, ఆ మెషీన్‌లో మామూలు కార్లకు వాడే పీఏజీ నూనె ఉంటుంది. అది కొంచెం కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది, కారు లీకేజీ కనిపెట్టి వార్నింగ్ వేస్తుంది, ఆఫ్ చేశాక మళ్ళీ స్టార్ట్ కాకపోవచ్చు. నూనె కలిసిందంటే కంప్రెసర్‌తో పాటు పైపులు, కండెన్సర్ కూడా మార్చాల్సిన పరిస్థితి. ఏ వారంటీ దీన్ని ముట్టుకోదు. వారంటీ ఉన్నా లేకున్నా హైబ్రిడ్ ఏసీని బయట ముట్టనివ్వకండి.

బయట పెట్టించిన హారన్, లైట్లు, స్క్రీన్ కోసం వైరు కోస్తే ఆ సర్క్యూట్ వారంటీ పోతుంది. సీఎన్‌జీ కిట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వైట్ బోర్డు మీద కొని అద్దెకు తిప్పితే అది కూడా తిరస్కరించడానికి కారణమే. ఎలుకలు కొరికిన వైర్లు, గుంతలో తగిలి విరిగిన భాగాలు వారంటీలో రావు.

నీళ్ళ విషయంలో మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఇళ్ళ ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోనూ అదే పరిస్థితి. అలాంటప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్క రూపాయి ఇవ్వదు, అది ఇన్సూరెన్స్ పని. ఇన్సూరెన్స్‌లో కూడా ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్తే ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే రక్షణ) ఉండాలి. హైబ్రిడ్ బ్యాటరీ, మోటార్లకు కొన్ని బీమా కంపెనీలు వేరే యాడ్-ఆన్ ఇస్తున్నాయి. పల్లపు ప్రాంతంలో ఉండేవాళ్ళ దగ్గర డబ్బు ఒకదానికే ఉంటే నా ఓటు ఆ యాడ్-ఆన్లకే, వారంటీకి కాదు. మునిగిన కారును ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయకండి, 12 వోల్టుల బ్యాటరీ వైరు కూడా మీరు ముట్టుకోకండి, టో చేయించండి.

అన్నట్టు ఆ 12 వోల్టుల చిన్న బ్యాటరీ వాడకంతో అరిగిపోయే సామాను కింద లెక్క, ఎక్స్‌టెండెడ్ వారంటీల్లో సాధారణంగా రాదు. హైబ్రిడ్ అసలు లేవనప్పుడు చాలాసార్లు తప్పు దీనిదే. పెద్ద బ్యాటరీ పోయిందని ఎవరైనా బెదిరిస్తే ముందు దీన్ని టెస్ట్ చేయించండి.

ఇక లోన్‌లో కలిపేయడం. ఉదాహరణకు 40,000 రూపాయల వారంటీని 9.5 శాతం వడ్డీకి 84 నెలల లోన్‌లో కలిపితే నెలకు 654 రూపాయల చొప్పున మొత్తం దాదాపు 54,900 అవుతుంది. ఐదేళ్ళకు ముగిసే వారంటీకి ఏడో ఏట కూడా వాయిదా కడుతూనే ఉంటారు. "వారంటీ తీసుకోకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు", "తీసుకుంటేనే డెలివరీ ముందు వస్తుంది" అనేవి అమ్మకపు మాటలు. బ్యాంకు శాంక్షన్ లెటర్ చదివితే మొదటి మాట అక్కడే తేలిపోతుంది.

ఇంతకీ కొనాలా వద్దా? ఏడాదికి 20,000 దాటి తిరిగేవాళ్ళు, ఐదారేళ్ళు ఉంచుకునేవాళ్ళు కంపెనీది కొనుక్కోవచ్చు. కారణం బ్యాటరీ కాదు. నాలుగో ఐదో ఏట మొండికేసేవి ఎక్కువగా టచ్ స్క్రీన్, కెమెరాలు, రాడార్, సన్‌రూఫ్ మోటార్, సీటు ఫ్యాన్ లాంటి ఎలక్ట్రానిక్ సామాన్లు. టాప్ వేరియంట్‌లో ఇవన్నీ ఉంటాయి, వీటిలో ఖరీదైనది ఒక్కటి మార్చాల్సి వచ్చినా వారంటీ ధర వెనక్కి రావచ్చు. ఏడాదికి ఏడెనిమిది వేలు తిరిగే, మూడు నాలుగేళ్ళకే మార్చేసే ఇంటికి అవసరం లేదు. ఎటూ తేల్చుకోలేకపోతే డెలివరీ రోజు కొనకండి. కంపెనీ పథకాలు సాధారణంగా మామూలు వారంటీ ముగియకముందు వరకు దొరుకుతాయి, కాకపోతే ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. ఏ నెల దాటితే ఎంత పెరుగుతుందో పట్టిక అడిగి తీసుకోండి. ఏడాది వాడాక మీ కిలోమీటర్లు తెలుస్తాయి, బండి బుద్ధీ తెలుస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. కంపెనీ యాప్‌లో గానీ, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఛాసిస్ నంబరు చెప్పి గానీ మీ బండికి పొడిగింపు నమోదైందో లేదో చూడండి. ఏ తేదీ వరకు, ఎన్ని కిలోమీటర్ల వరకు అన్నది వాళ్ళ రికార్డులో ఉండాలి. లేదంటే షోరూమ్‌కి మెయిల్ పెట్టి సర్టిఫికెట్ లేదా డబ్బు వాపసు అడగండి. రద్దు నియమం మీ ఒప్పందంలోనే ఉంటుంది. మొదటి రోజుల్లో అయితే పూర్తి డబ్బు రాబట్టడం తేలిక, మామూలు వారంటీ ముగిసి పొడిగింపు మొదలయ్యాక దాదాపు అసాధ్యం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. దానికి కావాల్సినవి కొటేషన్, రసీదు, సర్టిఫికెట్, సర్వీస్ ఇన్‌వాయిస్‌లు, క్లెయిమ్ తిరస్కరిస్తున్నట్టు రాతపూర్వక జవాబు. ఈ చివరిది ఇవ్వడానికే వాళ్ళు ఎక్కువగా నసుగుతారు. కౌంటర్ దగ్గర మాటలు పెట్టుకోకుండా కారణం రాసిమ్మని మెయిల్‌లోనే అడగండి.